పొట్టి వెదురు కుండీలో ఉంటేనే ముద్దు

"జానెడు, మూరెడు ఎత్తు పెరిగే మొక్కండీ. ఒకసారి వేస్తే చాలు, మళ్ళీ వేసే పనే లేదు. గట్టు ఊరికే ఖాళీగా ఎందుకుండాలి? గట్టెంట వేసేసుకోండి."

జపాను పొట్టి వెదురు గురించి ఎవరైనా వచ్చి ఇలా చెబితే అందులో మొదటి రెండు మాటలూ నిజమే. మూడో మాట దగ్గరే రైతు ఆగాలి. నిజానికి మొదటి రెండు మాటలు నిజం కాబట్టే మూడో మాట ప్రమాదం. పైకి పెరగని మొక్క పక్కకు పెరుగుతుంది. ఒకసారి వేస్తే మళ్ళీ వేయక్కర్లేని మొక్కను ఒకసారి వేశాక తీయడమూ అంత తేలిక కాదు.

పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఈ మొక్క ఎత్తు చూసి దాని సంగతి అంచనా వేయకూడదు. అలాగని ఇది పనికిమాలిన మొక్క అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కుండీలో, సంచిలో పెంచి అమ్ముకునే చిన్న రైతుకు ఇది నాలుగు రూపాయలు తెచ్చే మొక్కే. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి పరిసరాల్లో అలంకరణ మొక్కల మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి కొత్త మొక్క అంటే కొత్త ఆశ. కానీ ఒక మొక్కను సంచిలో పెంచడం వేరు, పొలంలో నాటడం వేరు. పొట్టి వెదురు విషయంలో ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది అమ్మినవాడు కాదు, అరెకరం, ఎకరం ఉన్న రైతు.

వెదురులో రెండు తీరులు

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. వరి, చెరకు, జొన్న ఏ కుటుంబమో వెదురూ అదే కుటుంబం. అందులో నేల కింద పెరిగే తీరును బట్టి రెండు రకాలున్నాయి.

మొదటిది కుదురు కట్టే రకం. దీని అడుగు భాగం పసుపు కొమ్ములా పొట్టిగా, లావుగా ఉంటుంది. కొత్త బొంగు పాతదాని పక్కనే లేస్తుంది. పొద ఏటా కొంచెం కొంచెం లావెక్కుతుంది తప్ప ఎక్కడికీ పోదు. మన అడవుల్లో పెరిగే ముళ్ళ వెదురు, లాఠీలకు వాడే గట్టి వెదురు ఈ రకమే.

రెండోది పాకే రకం. దీని నేల కింది కాండం సన్నగా, పొడుగ్గా, కణుపులతో తాడులా ఉంటుంది. అది నేలలో అడ్డంగా పరుగెత్తుతుంది. కణుపు కణుపు దగ్గర వేళ్ళు వేస్తుంది, పిలక పైకి పంపుతుంది. శాస్త్రం ప్రకారం అది వేరు కాదు, కాండమే. అయినా మన సౌకర్యం కోసం దాన్ని పాకుడు వేరు అందాం. తుంగ ఎలా పాకుతుందో, గరిక ఎలా పాకుతుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఈ వెదురు పద్ధతీ అదే. కాకపోతే గరికను కొడవలి, పార లొంగదీస్తాయి. దీని పాకుడు వేరు కర్రలా గట్టిగా ఉంటుంది కాబట్టి గునపం కావాలి.

జపాను పొట్టి వెదుళ్ళలో పేరున్నవి ఎక్కువ భాగం ఈ రెండో రకమే. వాటిలో బాగా పొట్టిది ప్లియోబ్లాస్టస్ పిగ్మియస్. అడుగు, అడుగున్నర ఎత్తు. పుల్ల చీపురు పుల్ల కంటే కాస్త లావు. ఆకులు సన్నగా, దగ్గర దగ్గరగా, ఈకలో తంతుల్లా రెండు వైపులా అమరి ఉంటాయి. దాని దగ్గరి బంధువు ప్లియోబ్లాస్టస్ ఫార్చూనై. దీన్ని జపానులో చిగోజాసా అంటారు. ఆకుల మీద తెల్ల చారలుంటాయి, రెండు మూడు అడుగులు లేస్తుంది. ఆకుల అందం వల్ల తోటల వాళ్ళు దీన్ని ఇష్టపడతారు. వీటికంటే కాస్త పెద్ద ఆకుది కుమాజాసా. దాని శాస్త్రీయ నామం సాసా వీచియై. శీతకాలం వచ్చేసరికి దాని ఆకు అంచులు ఎండి తెల్లగా మారి, ఆకుకు తెల్ల జరీ అంచు కట్టినట్టు కనిపిస్తుంది.

సొంత గడ్డ మీద దాని పని

జపాను వాళ్ళు వెదురును మాటలోనే రెండుగా విడదీశారు. పెద్ద వెదురు 'తాకె', చిన్న వెదురు 'సాసా'. బొంగు ఎదిగాక దాని పొర రాలిపోతే తాకె, పొర బొంగునే అంటిపెట్టుకుని ఉంటే సాసా అని గుర్తు. పేర్లలో అక్కడక్కడా ఈ లెక్క తప్పినా, మొత్తం మీద గుర్తు అదే.

సాసాతో వాళ్ళకు చాలా పనులున్నాయి. నిగాటా ప్రాంతంలో బియ్యప్పిండి ఉండలను సాసా ఆకులో చుట్టి ఉడికిస్తారు. తొయామాలో చేపతో చేసే మసుజూషి అనే అన్నం వంటకాన్ని ఈ ఆకులు పరచి, వాటిలో చుట్టి అమ్ముతారు. మన దగ్గర అరిటాకు, విస్తరాకు ఎలాగో అక్కడ అది అలాగ. పొట్టి రకాలను గుడి తోటల్లో, రాళ్ళ మధ్య, చెట్ల నీడన పచ్చిక బదులు పెంచుతారు. కొండవాలు జారకుండా ఆపడానికీ వాడతారు. పాకుడు వేళ్ళన్నీ ఒకదానిలో ఒకటి అల్లుకుని నేల కింద వల పరిచినట్టు ఉంటాయి కాబట్టి మట్టి కదలదు. భూకంపం వస్తే వెదురు తోపులోకి పరుగెత్తమని అక్కడ పెద్దలు చెప్పే మాట కూడా ఈ వల మీద నమ్మకంతోనే పుట్టింది.

అయితే ఆ దేశంలోనే ఈ మొక్కతో పడే బాధలూ ఉన్నాయి. ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి అడవుల్లో సాసా నేలంతా కమ్మేసి ఉంటుంది. చెట్ల గింజలు రాలినా దాని కింద మొలకెత్తి బతకడం కష్టం. అందుకని అడవి పెంచేవాళ్ళు యంత్రాలతో పై మట్టిని, సాసా వేళ్ళతో సహా గీకేసి, ఖాళీ అయిన నేలలో కొత్త చెట్లు మొలవడానికి చోటు చేస్తారు. నడుమెత్తు, తలెత్తు గడ్డిని తీయడానికి బుల్డోజరు కావలసి వస్తోందంటే దాని పట్టు ఏపాటిదో ఊహించుకోండి.

ఇంకో సంగతి మనకు మరింత దగ్గరిది. మోసో అనే పెద్ద పాకే వెదురును 18వ శతాబ్దంలో చైనా వైపు నుంచి తెచ్చి జపాను పల్లెల్లో పెంచారు. పిలకలు కూరకు, బొంగులు బుట్టలకు, పందిళ్ళకు పనికొచ్చేవి. రైతు ఏటా వసంతంలో పిలకలు తవ్వి తీసినంత కాలం తోపు హద్దులో ఉంది. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. బయటి దేశం నుంచి చౌక పిలకలు వచ్చాయి. కుర్రవాళ్ళు పట్నాలకు వెళ్ళిపోయారు, ఊళ్ళో ముసలివాళ్ళు మిగిలారు. తవ్వే చేతులు లేక తోపులు పక్క కొండల మీదికి, వదిలేసిన పొలాల్లోకి పాకాయి. దీనికి వాళ్ళు వెదురు బెడద అని పేరే పెట్టుకున్నారు.

అంటే పాకే వెదురు చెడ్డదా? కాదు. దానికి ప్రతి ఏడూ కాపలా కావాలి. కాపలా కాసే మనిషి ఉన్నంతకాలమే అది మన మాట వింటుంది. మన ఊళ్ళలోనూ పొలం ఒకరిది, సాగు ఒకరిది. ఈ ఏడు కౌలుకు చేసినవాడు వచ్చే ఏడు ఉంటాడో లేదో తెలియదు. కౌలుదారు మారతాడు. వెదురు మారదు, అక్కడే ఉంటుంది. ఆ కాపలా ఎవరు కాయాలి?

గట్టు మీద వేస్తే లెక్క ఇదీ

లెక్క వేసి చూద్దాం. మీ గట్టు పొడవు 100 అడుగులు అనుకోండి. గట్టెంట పొట్టి వెదురు వేశారు. తడి, ఎరువు పుష్కలంగా అందే నేలలో అది ఏడాదికి మూడడుగులు పక్కకు పాకిందనుకుందాం. మీ వైపు 300 చదరపు అడుగులు, అవతలి రైతు వైపు 300 చదరపు అడుగులు. మొత్తం 600. సెంటుకు దాదాపు 435 చదరపు అడుగులు కాబట్టి ఒక్క ఏడులో సెంటున్నరకు కాస్త తక్కువ నేల పోయింది. అదే జోరు మూడేళ్ళు సాగితే నాలుగు సెంట్లు దాటుతుంది. అందులో సగం మీది కాదు, పక్కవాడిది. ఇరవై ఎకరాల ఆసామికి నాలుగు సెంట్లు ఒక లెక్కలోది కాకపోవచ్చు. అరెకరం రైతుకు అది పిల్లల బియ్యం.

గట్టు మీద పని చేసేవారికి ఇంకో ఇబ్బంది తెలుసు. ఏటా గట్టు చెక్కి, బురద మెత్తి, చదును చేస్తాం. పాకుడు వేరు ఉన్న గట్టును పారతో చెక్కితే వేరు ముక్కలవుతుంది. కణుపు ఉన్న ముక్క బురదలో పడితే మళ్ళీ మొలకెత్తవచ్చు. తుంగను దున్ని పెంచినట్టు మనమే దాన్ని పెంచినవాళ్ళమవుతాం. పైగా గట్టు మీద దట్టంగా ఆకు కమ్ముకుంటే ఎలుక బొరియ కనపడదు. వరి రైతు గట్లు శుభ్రంగా ఉంచుకునేది సగం ఎలుకల కోసమే కదా.

అన్నిటికంటే పెద్దది మనుషుల మధ్య తగాదా. గట్టు ఇద్దరిది. హద్దు రాయి దగ్గర జానెడు నేల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఊళ్ళు మనకు తెలుసు. ఇక మనం నాటిన మొక్క నేల కింద నుంచి వెళ్ళి పక్కవాడి మడిలో లేస్తే, "నేను నాటలేదు, అదే వచ్చింది" అంటే ఒప్పుకునేది ఎవరు? వెదురు మీద వచ్చే రాబడి ఎంతైనా ఆ తగాదాకు సరిపోదు.

అందుచేత నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. వరి గట్టు మీద, కాలవ ఒడ్డున, బోదె పక్కన, ఇంటి ప్రహరీకి ఆనుకుని జపాను పొట్టి వెదురును నేలలో నాటవద్దు. ఎవరు ఉచితంగా మొక్కలిచ్చినా సరే.

పెంచదలిస్తే ఇలా పెంచండి

నర్సరీ పని తెలిసినవారు, నీడ, నీరు ఉన్నవారు దీన్ని సంచుల్లో, కుండీల్లో పెంచుకోవచ్చు. పెంచే తీరు తెలిస్తే పెద్ద కష్టం లేదు.

చోటు: ఇది చలి దేశపు మొక్క. మంచును తట్టుకుంటుంది కానీ మన మే నెల ఎండకు ఆకుల అంచులు మాడతాయి, చారల ఆకు రకం ఇంకా త్వరగా మాడుతుంది. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే చోటు మంచిది. కొబ్బరి తోట నీడ గానీ, సగం ఎండను ఆపే షేడ్ నెట్ గానీ సరిపోతుంది. మరీ చీకటి నీడలో పెడితే చారలు వెలిసిపోతాయి, పుల్లలు సాగిపోతాయి.

మట్టి: ఒండ్రు మట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. కొబ్బరి పొట్టు దొరికే చోట ఇసుకలో సగం తగ్గించి పొట్టు వేసుకోవచ్చు. చౌడు మట్టి, సున్నం ఎక్కువ ఉన్న మట్టి దీనికి పడవు. కాస్త పులుపు గుణం ఉన్న మట్టే దీనికి ఇష్టం. నీరు నిలవకూడదు. సంచి అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి.

విడదీసి నాటడం: దీన్ని గింజతో పెంచే మాట మరచిపోండి. ఈ జాతి వెదుళ్ళు కొన్ని దశాబ్దాలకు ఒకసారి పూస్తాయి. ఒత్తుగా నిండిన తల్లి మొక్కను సంచి నుంచి తీసి, పదునైన కత్తితో పాకుడు వేరును కోసి, ఒక్కో ముక్కకు మూడు నాలుగు పుల్లలు, కొంత వేరు, వేరును అంటి మట్టి ఉండేలా విడదీయాలి. వేరు ఎండకు ఆరకూడదు. తీసిన వెంటనే తడి గోనెలో చుట్టి, అదే రోజు నాటెయ్యాలి. జపానులో చలి వెళ్ళి కొత్త పిలకలు వచ్చే ముందు ఈ పని చేస్తారు. మన దగ్గర తొలకరి నిలబడ్డాక జూలై, ఆగస్టు నెలల్లో, లేదా ఎండలు తగ్గిన అక్టోబరు చివర చేయడం మేలు. వేసవిలో విడదీస్తే సగం మొక్కలు పోగొట్టుకుంటాం. నాటాక మూడు వారాలు పూర్తి నీడలో ఉంచి తర్వాత మెల్లగా వెలుగులోకి తేవాలి.

సంచి, కుండీ: లోతు కంటే వెడల్పు ముఖ్యం. పాకుడు వేళ్ళు చాలావరకు పై అడుగు మట్టిలోనే తిరుగుతాయి. అమ్మకానికి మామూలు నర్సరీ సంచి చాలు. తల్లి మొక్కలకు అడుగున్నర వెడల్పు సిమెంటు తొట్టి మంచిది.

ఇక్కడే అందరూ మరచిపోయే విషయం ఒకటుంది. సంచులను ఉత్త నేల మీద పేర్చవద్దు. అడుగు రంధ్రంలోంచి పాకుడు వేరు బయటికి వచ్చి నేలలో దిగుతుంది. సంచి అమ్మేసినా వేరు మీ నేలలోనే మిగులుతుంది. సంచుల కింద గట్టి పాలిథీన్ పట్టా పరవండి, లేదా ఇటుకల మీద, గచ్చు మీద పెట్టండి. నెలకోసారి సంచులు ఎత్తి అడుగు చూడండి. బయటికి వచ్చిన కొసలు కత్తిరించండి.

నీరు: మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, ముద్దగా ఉండకూడదు. వేసవిలో రోజుకు రెండుసార్లు పోయాల్సి రావచ్చు. ఆకులు పొడుగ్గా చుట్టుకుంటున్నాయంటే దాహం వేస్తోందని గుర్తు. ఉప్పు నీటి బోరు ఉన్న చోట ఆకు కొసలు మాడతాయి. కాలవ నీరు, చెరువు నీరు, వాన నీరు మంచివి. కోనసీమ సముద్రపు పక్క ఊళ్ళవారు ముందుగా నీళ్ళు పరీక్ష చేయించుకుని దిగండి.

ఎరువు: గడ్డి జాతి కాబట్టి నత్రజనికి బాగా స్పందిస్తుంది. అలాగని యూరియా చల్లితే మెత్తగా సాగి, పొట్టి అందం పోతుంది. నెలకోసారి గుప్పెడు వానపాముల ఎరువు, పలచని పేడ నీళ్ళు చాలు. రాలిన ఆకులను ఊడ్చి పారేయకుండా మొదట్లోనే వదలండి. వెదురు ఆకులో సిలికా ఎక్కువ. అది మళ్ళీ మొక్కకే చేరుతుంది, చెమ్మ కూడా నిలుస్తుంది.

కత్తిరింపు: ఏడాదికోసారి మొదలు నుంచి రెండు మూడు అంగుళాలు వదిలి మొత్తం కత్తిరిస్తే కొత్త ఆకు ఒత్తుగా, తళతళలాడుతూ వస్తుంది. జపానులో దీన్ని శీతకాలం చివర చేస్తారు. మన దగ్గర తొలకరి పడిన వెంటనే చేయడం నయం. మండుటెండలో గుండు చేయించవద్దు.

పురుగులు: పిండి నల్లి, పొలుసు పురుగు, పేను అప్పుడప్పుడు పడతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు నీరు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. బాగా పట్టిన పుల్లలు కోసి తీసేయడం మందు కంటే తేలిక.

కోసిన వేరు ముక్కల సంగతి: కాలవలో పారేయవద్దు, పెంట కుప్పలో వేయవద్దు. కాలవలో వేస్తే దిగువ రైతు పొలం చేరుతుంది. పెంటలో వేస్తే ఎరువుతో పాటు మీ చేలోకే చేరుతుంది. గచ్చు మీద పూర్తిగా ఎండబెట్టి పొయ్యిలో పెట్టండి.

ఎవరైనా తోట యజమాని దీన్ని నేలలోనే వేయాలంటే హద్దు కట్టే పని ముందు, మొక్క తర్వాత. చుట్టూ రెండు, రెండున్నర అడుగుల లోతు కందకం తవ్వి, మందపాటి ప్లాస్టిక్ రేకు గానీ సిమెంటు గోడ గానీ నిలబెట్టాలి. అది నేల మీదికి రెండంగుళాలు పొడుచుకు వచ్చి ఉండాలి, లేకపోతే వేరు పైనుంచి దాటేస్తుంది. కట్టాక కూడా ఏడాదికి రెండుసార్లు చుట్టూ తిరిగి చూడాలి. ఇది తోటమాలిని పెట్టుకోగలవారి పని. చిన్న రైతు పొలానికి సరిపడే ఖర్చు కాదు.

ఇప్పటికే నాటేసి ఉంటే

ఇప్పటికే గట్టు మీద వేసినవారు ఉంటే బెంగపడవద్దు, ఆలస్యం మాత్రం చేయవద్దు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. దీని విషయంలో మొదటి ఏడు పార చాలు, మూడో ఏడు గునపాలతో కూలీలను పెట్టాలి. పైభాగం కోసేసి, నేల బాగా తడిపి, మొదటి పుల్ల దగ్గర మొదలుపెట్టి పాకుడు వేరు వెంట కొస దాకా తవ్వి లాగండి. తెగిపోయిన ముక్కలు ఏరండి. ఆ తర్వాత లేచిన ప్రతి పిలకనూ ఆకు విప్పకముందే కోసేయండి. ఆకు లేకపోతే నేల కింది నిల్వ కరిగిపోతుంది. రెండు మూడేళ్ళు వదలకుండా ఇలా చేస్తే పోతుంది. పక్క రైతుతో ముందే చెప్పి ఇద్దరూ కలిసి చేయండి. ఒక వైపే తవ్వితే ఫలితం ఉండదు.

కొనే ముందు సంచి విప్పి చూడండి

పేరు నమ్మి కొనవద్దు. లక్కీ బాంబూ అని గాజు గ్లాసులో పెట్టి అమ్మేది అసలు వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క. మరో మొక్కను జపాను వెదురు అని అంటగట్టడం కష్టమేం కాదు. కాబట్టి ఒక మొక్కను సంచి నుంచి బయటికి తీయించి వేరు చూడండి. కణుపులతో తాడులా అడ్డంగా, సంచి చుట్టూ తిరుగుతూ ఉంటే పాకే రకం. పసుపు కొమ్ములా పొట్టిగా, వంపు తిరిగి వెంటనే పైకి లేస్తే కుదురు రకం. ఈ పరీక్షకు చదువు అక్కర్లేదు. సంచి విప్పనివ్వని చోట కొనకండి.

విదేశం నుంచి చుట్టాలు పెట్టెలో పెట్టి తెచ్చే మొక్కలకు అసలు ఆశపడవద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మొక్కలు దేశంలోకి తేవాలంటే దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మొక్కతో పాటు తెగులు కూడా వస్తే ఊరంతా అనుభవించాలి.

"మేమే తిరిగి కొంటాం" అన్నవారి చేత కాగితం రాయించుకోండి. ఎన్ని మొక్కలు, ఎంత ఎత్తు, ఎప్పుడు, ఏ ధరకు, రవాణా ఎవరిది, చచ్చిన మొక్కల లెక్క ఎవరి నెత్తిన అనేవన్నీ అందులో ఉండాలి. అలంకరణ మొక్కలకు గిరాకీ ఫ్యాషన్‌తో పాటు వస్తుంది, ఫ్యాషన్‌తో పాటే పోతుంది. వడ్లు అమ్ముడుపోకపోతే ఇంట్లో వండుకుంటాం. పొట్టి వెదురు అమ్ముడుపోకపోతే రోజూ నీళ్ళు పోస్తూ కూర్చోవాలి. అందుకే మొదటి ఏడు యాభై, వంద సంచులతో మొదలుపెట్టండి. అప్పు చేసి మాత్రం వద్దు.

నిజంగా ఆకు అందం ఉండి, మన వేడిని తట్టుకుని, పాకని వెదురు కావాలంటే బాంబూసా మల్టిప్లెక్స్ రకాలను చూడండి. ఇది కుదురు రకం. సన్నాకు రకాలు, పొట్టి రకాలు ఇందులోనూ ఉన్నాయి. జపాను దక్షిణ ప్రాంతంలో దీన్ని హోరాయ్‌చికు అంటారు. నది ఒడ్లు కోసుకుపోకుండా అక్కడ పాతకాలం నుంచీ నాటారు. అక్కడివారు కూడా ఒడ్డు కాపాడుకోవడానికి పాకనిదాన్ని ఎంచుకున్న చోట్లున్నాయన్న మాట గమనించండి.

ఇక కర్ర కోసమే వెదురు వేయాలనుకునేవారికి మన కుదురు రకాలే దిక్కు. పొలంలో పెంచిన వెదురును కొట్టి తరలించడానికి ఒకప్పుడు అటవీ అనుమతులు అడ్డుపడేవి. 2017 నవంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, ఆ తర్వాత పార్లమెంటు ఆమోదంతో భారత అటవీ చట్టాన్ని సవరించింది. అడవి కాని భూముల్లో పెంచిన వెదురును చెట్టు అనే నిర్వచనం నుంచి తీసేసింది. ఆ సదుపాయం మెట్ట భూమి, బీడు భూమి ఉన్నవారికి మేలు. అయినా అవి కూడా నీడ కమ్మే పెద్ద పొదలు. వాటిని సైతం వరి గట్టు మీద కాక, పంటకు దూరంగా, పొదకూ పొదకూ పదిహేనడుగులు విడిచి వేసుకోవాలి.

నర్సరీలవారికి, అధికారులకు

నర్సరీ సోదరులకు ఒక విన్నపం. మందు డబ్బా మీద విషం గుర్తు వేసినట్టు, ప్రతి వెదురు సంచికి ఒక చిన్న చీటీ కట్టండి. అందులో 'పాకే రకం' అనో 'కుదురు రకం' అనో తెలుగులో రాయండి. రెండు ముక్కలే. దాని వల్ల మీ వ్యాపారం తగ్గదు, మీ మీద నమ్మకం పెరుగుతుంది. పాకే రకం కొనేవారికి కుండీ కూడా కలిపి అమ్మండి, అదీ లాభమే.

ఉద్యాన శాఖ వారు ఊరి ఉద్యాన సహాయకులకు ఈ తేడా చూపించి, వారి ద్వారా రైతుకు చెప్పించాలి. కొత్త పంటకు సబ్సిడీ ఎంత అని చెప్పడంతో పాటు, దాన్ని వదిలించుకోవాలంటే ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పడం వారి పని కావాలి. మొక్క పంచిన రోజు అందరూ ఫోటోలో ఉంటారు. మూడేళ్ళ తర్వాత గునపం పట్టేది రైతు ఒక్కడే.

రైతు సోదరులు, అక్కచెల్లెళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇంతే. కొత్త మొక్క ఎవరు చూపించినా "ఎంత ఎత్తు పెరుగుతుంది?" అని అడిగి ఊరుకోకండి. "నేల కింద ఎంత దూరం పోతుంది?" అని కూడా అడగండి. జవాబు చెప్పలేనివాడి దగ్గర మొక్క తీసుకోకండి.